మిల్లు పేజీలో రంగమ్మ ఫొటో

వెబ్ సర్వర్ల పని మానేసేనాటికి నాకు ముప్పై రెండేళ్లు. రిటైర్ అయ్యానంటే మా అమ్మ నవ్వుతుంది. "రిటైర్ అయ్యేది ముసలోళ్లు. నువ్వు కోపం వచ్చి వచ్చేసినావు" అంటుంది. రెండూ నిజమే. ఎవరు పిలిచినా మళ్లీ ఆ కుర్చీలో కూర్చోను. దాన్ని రిటైర్ కావడమనే అంటారు.

ఈ మధ్య మా చుట్టాల పిల్లలు కొందరు కోయంబత్తూరులో హోస్టింగ్ కంపెనీల్లో చేరారు. "అక్కా, పని ఎట్లుంటాది?" అని ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. జీతం, ప్రమోషన్, ఏ కోర్సు చదవాలి, ఇవేవీ ఇందులో లేవు. అవి చెప్పేవాళ్లు ఊరి నిండా ఉన్నారు.

పని అంటే ఏమిటి

మా ఆఫీసు కోయంబత్తూరు గాంధీపురంలో ఒక బట్టల కొట్టు మీద, మూడో అంతస్తులో ఉండేది. పంపుల కంపెనీలు, నూలు మిల్లులు, కల్యాణ మండపాలు, కొబ్బరి నర్సరీలు... ఇలాంటివాళ్ల వెబ్‌సైట్లు మా సర్వర్ల మీద నడిచేవి. పొద్దున వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకటే మాట: "ఫొటో రావట్లేదు."

అక్షరాలు పోతే ఎవరూ ఫోన్ చేయరు. ఎవరు చదువుతారు గనక! ఫొటో పోతే మాత్రం ఇల్లు కూలినట్టు చేస్తారు. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. తర్వాత అర్థమైంది. వాళ్ల పంపు, వాళ్ల మండపం, వాళ్ల ముఖం అక్కడ ఉన్నాయి. మనం రాసిన కోడ్ వాళ్లకు కనబడదు.

ఫొటో రాకపోతే చూసే వరస మీకు ఎవరైనా నేర్పిస్తారు, అయినా చెబుతాను. పేజీని వదిలేసి ఆ ఫొటో అడ్రసు ఒక్కదాన్నీ విడిగా తెరవాలి. సర్వర్ ఒక అంకె చెబుతుంది. నాలుగు వందల నాలుగు అంటే ఆ ఫైలు అక్కడ లేదు. నాలుగు వందల మూడు అంటే ఉంది, కానీ చూపించడానికి అనుమతి లేదు. రెండు వందలు అంటే ఫైలు ఉంది, ఇచ్చేశాను, నా తప్పేమీ లేదు అని. నేను అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకున్నది ఈ రెండు వందలనే. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

ఒట్టన్‌చత్రం మార్కెట్లో ఒక కమిషన్ మండీ ఆయన ఉండేవాడు, మనవాళ్లే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. తెల్లారగానే కూరగాయల ఫొటోలు సైట్లో పెడితే కేరళ వ్యాపారులు చూసి లారీలు పంపేవాళ్లు. ఒక పొద్దున ఫొటోలన్నీ ఖాళీ గళ్లు. మా సర్వర్లో డిస్కు నిండిపోయింది. కొత్త ఫైళ్లు పేరుకి ఉన్నాయి, లోపల ఏమీ లేదు.

"ఫొటో లేకపోతే నా మునక్కాయ ఎవుడు నమ్ముతాడు? నీ ముఖం చూసి కొంటారా?" అని అరిచాడు.

"నా ముఖం కూడా మీ సైట్లో రాదు సార్, డిస్కు నిండిపోయినాది" అని నేనూ అరిచాను.

ఆయన పగలబడి నవ్వాడు. సరుకు మాత్రం మధ్యాహ్నానికి వాడిపోయి ఆవులకు పోయింది. నవ్వాడు కదా అని నష్టం తగ్గలేదు.

మా బాస్

మా బాస్ పేరు ప్రభాకర్. చెడ్డవాడని చెప్పను. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు అడగకముందే సెలవు ఇచ్చాడు. కానీ ఆయనకు రెండు నమ్మకాలు ఉండేవి. మొదటిది, బ్యాకప్ ఒక్కటి ఉంటే చాలు. ప్రతి రాత్రీ సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కు మీదికి పోతుంది. నిన్నటిది ఈ రోజుది తుడిచేస్తుంది. పాతవి కూడా ఉంచుదామని నేను అడిగినప్పుడల్లా, "అడిగిన క్లయింటు ఒకడ్ని చూపించు" అనేవాడు.

రెండోది, ఎవరు మెసేజ్ పెట్టినా తనంతట తానే పోయే జవాబు. "ఫొటో కనిపించకపోతే మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కాష్ తుడిచి మళ్లీ చూడండి" అని, ఎలా తుడవాలో బొమ్మలతో సహా. కాష్ అంటే, ఒకసారి చూసిన ఫొటోని మీ ఫోన్ తన దగ్గర దాచుకుంటుంది, మళ్లీ సర్వర్‌ని అడగకుండా దాన్నే చూపిస్తుంది. పాతది చూపిస్తుంటే తుడవడం మంచిదే. ఆ మెసేజ్ పెట్టాక ఫోన్లు తగ్గాయి. బాస్ దాన్ని ఆఫీసుకు వచ్చిన ప్రతివాడికీ చూపించి మురిసిపోయేవాడు.

జయంతి ఫోన్

ఒక పొద్దున ఒకామె ఫోన్ చేసింది. కినత్తుకడవు నుంచి, పేరు జయంతి. తమిళంలో మొదలుపెట్టి, మిల్లు సైట్లో ఒక ఫొటో కనబడటం లేదని చెప్పింది. ఏ మిల్లు, ఏ పేజీ, ఏ ఫొటో? నేను అడిగినదానికి కాక వేరే ఏదో చెబుతోంది. మ్యూట్ నొక్కాననుకుని, "పొద్దున్నే ఈమె ఒకటి, ప్రాణం తీస్తాది" అన్నాను. మ్యూట్ పడలేదు.

అవతల ఆమె అంతా వింది. తర్వాత తెలుగులో అడిగింది:

"ఏం అమ్మణీ, మనవాళ్లా?"

"అవునక్కా, తప్పైపోయింది" అన్నాను.

"పరవాలేదు. తమిళంలో తిట్టి ఉంటే ఫోన్ పెట్టేసి ఉందును. తెలుగులో తిడితే మా అమ్మ తిట్టినట్లే ఉండాది" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఆమె ఫొటోనే నేను అడిగేది."

వాళ్లమ్మ పేరు రంగమ్మ. ఆండిపట్టి నుంచి పెళ్లై వచ్చి, భర్త పోయాక సింగానల్లూరు పక్కన ఒక నూలు మిల్లులో చేరి, కోన్‌లకు నూలు చుట్టే సెక్షన్‌లోనే జీవితమంతా పనిచేసింది. అంతకు ముందు వారమే చనిపోయింది. కర్మాంతరం రోజున పడత్తిరప్పు చేయాలి. మా వైపు తెలియనివాళ్లకు చెబుతున్నాను: పోయినవాళ్ల పటం, తమిళంలో పడం, పెద్దది చేయించి, మీద గుడ్డ కప్పి పెడతారు. చుట్టాలందరి ముందూ ఒక పెద్దాయన ఆ గుడ్డ తీస్తాడు. అప్పుడు దండ వేస్తారు. ఆ రోజు నుంచి ఇంటి గోడ మీద ఉండేది ఆ ముఖమే.

రంగమ్మకు ఫొటో అంటే గిట్టదు. పెళ్లిళ్లలో కెమెరా వస్తే లేచి వంటింట్లోకి పోయేదట. ఆధార్ కార్డు మీద ఒక ఫొటో ఉంది. అది కిడ్నీ జబ్బు పడ్డాక తీసింది, ముఖం ఉబ్బి, కళ్లు సగం మూసుకుని. మంచిది ఒక్కటే. ఏదో ఆయుధ పూజ నాడు మిల్లులో ఎవరో ఏదో అంటే నవ్వుతుండగా, ఆమెకు తెలియకుండా తీసినది. అది మిల్లు సైట్లో "మా మనుషులు" అనే పేజీలో ఉంది.

"నా ఫోన్‌లో ఎప్పుడుమే వచ్చేది. మా అత్తకి ఎన్నిసార్లు చూపించినానో. స్టూడియో ఆయన్ని పెద్దది చేసివ్వమంటే లింకు ఇమ్మన్నాడు. ఆయన కంప్యూటర్‌లో తెరిస్తే తెల్లగా ఉండాది. నా ఫోన్‌లో మాత్రం అమ్మ బాగా కనబడతాది. సరే, ఏదో తప్పు ఉండాదని మీకి నిన్న మెసేజ్ పెట్టినాను."

నిన్నటి మెసేజ్‌ల జాబితా తెరిచాను.

"అప్పురం? తర్వాత ఏమైంది?"

"మీనించి జవాబు వచ్చింది కదా. కాష్ తుడవమని. తుడిచినాను. ఇప్పుడు నా ఫోన్‌లో కూడా తెల్లగా ఉండాది. మా తమ్ముడి ఫోన్‌లో వస్తాండె. వాడికి కూడా నేనే చెప్పి చేయించినాను, కంపెనీవాళ్లు చెప్పినారని."

"స్క్రీన్‌షాట్ ఏమైనా..."

"ఎందుకు తీస్తాను? అక్కడే ఉండె కదా!"

పిల్లలూ, ఈ కథలో మీకు పనికొచ్చే మాట ఇదొక్కటే, ఇక్కడే చెప్పేస్తాను. ఎవరినైనా ఏదైనా తుడవమని చెప్పేముందు, ఇప్పుడు కనబడుతున్నదాన్ని కాపీ తీసుకోమని చెప్పండి. బాస్ తిట్టినా చెప్పండి. ఆ వాక్యం ఆటోమేటిక్ జవాబులో మొదట రాయండి. రాయనివ్వకపోతే అక్కడ పని చేయకండి.

రెండు వందలు

ఫొటో అడ్రసు విడిగా తెరిచాను. రెండు వందలు. ఫైలు ఉంది, అనుమతి ఉంది, దారి సరిగ్గా ఉంది. సైజు కూడా ఖాళీ ఫైలుది కాదు, బాగా పెద్దది. పాడైన ఫైలైతే బ్రౌజర్ విరిగిన గుర్తు చూపిస్తుంది. ఇది చూపించలేదు. చక్కగా, నిండుగా, తెల్లగా ఉంది.

నా కంప్యూటర్‌లోకి దించుకుని పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను. తెలుపులో సన్నగా గీతలు కనబడ్డాయి. నిలువుగా, అడ్డంగా. పడుగూ పేకా. ఒక మూల మడత నీడ కూడా ఉంది.

అది పాడైన ఫొటో కాదు. అది ఒక తెల్లగుడ్డ ఫొటో. ఎవరో కొత్త గుడ్డ పరిచి, ఫొటో తీసి, రంగమ్మ ఫొటో పేరుతోనే సర్వర్‌లో పెట్టారు. సర్వర్ చేసిన తప్పేమీ లేదు. ఇమ్మన్నది ఇస్తోంది.

ఏ లాగిన్‌తో పెట్టారో చూశాను. మిల్లు ఆఫీసుది. రంగమ్మ పోయిన మర్నాడు పెట్టారు. అంటే బ్యాకప్‌లో కూడా ఆ రాత్రికే గుడ్డ వచ్చేసింది, ఫొటో పోయింది.

మిల్లుకు ఫోన్ చేశాను. వెంకటసామి నాయుడు ఎత్తారు. పాత మేనేజర్, ఎనభై దాటినవారు. పని మానినా రోజూ మిల్లుకు వచ్చి సైట్ తానే చూసుకునేవారు. మనవడి దగ్గర నేర్చుకున్నారు. ఆ వయసులో అది చేసేవాళ్లని నేను ఇంకొకరిని చూడలేదు.

"అవును కన్ను, నేనే కప్పినాను" అన్నారు సంతోషంగా, పిల్లల్ని మా వైపు ముద్దుగా పిలిచే పిలుపుతో. "పడత్తిరప్పు కాకముందే పోయినవాళ్ల పడం ఊరంతా చూడకూడదు. మా ఇంట్లో వాడుక. మన మిల్లు నూలుతో నేసిన వేష్టి, పంచె అది, ఉతకనిది. పరిచి ఫొటో తీసి దానిమీద పెట్టినాను. బాగుండాదా?"

"తాతా, పాతది ఎక్కడ పెట్టారు?"

"అడుగున ఉండాది కదా!"

"అడుగున అంటే?"

"దానిమీద కదా కప్పినాను. అదే పేరు పెట్టి ఎక్కిస్తే అదే చోటికి పోతాదని మనవడు చెప్పినాడు. గుడ్డ తీస్తే అడుగున రంగమ్మ ఉంటాది. తీసేది ఎట్లనో మాత్రం నాకి తెలీదు. ఆ పొద్దు నువ్వే తీసి ఇవ్వాల."

నా నోట్లోకి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. అవి బయటకు రాలేదు కూడా. మళ్లీ ఫోన్ చేస్తానని పెట్టేశాను. ఆ మనిషి మీద అరవడానికి ఏముంది? ఆయనకు తెలిసిన లోకంలో గుడ్డ కప్పితే అడుగున మనిషి ఉంటుంది.

వెతుకులాట

తర్వాత చేసినవన్నీ చెబితే మీకు విసుగు. ఆయుధ పూజ ఫొటోలు తీసిన కెమెరా ఆయన ఆ పని మానేసి తిరుప్పూరులో ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చేరాడు. పాత కార్డులు ఎప్పుడో తుడిచేశానన్నాడు. పాత వెబ్ పేజీల్ని దాచే చోట్లు వెతికాను. పేజీలో అక్షరాలు ఉన్నాయి, "రంగమ్మ, కోన్ వైండింగ్" అని. ఫొటో ఉండాల్సిన చోట గడి. తుడిచిపోయిన ఫైళ్లను డిస్కులోంచి లాగే ప్రోగ్రాములు నడిపాను. ఒక పంపు పైభాగం, ఎవరిదో పెళ్లి పందిరి, సగం కొబ్బరి మొక్క దొరికాయి. రంగమ్మ దొరకలేదు. రోడ్డు మీద, బస్సులో, తింటూ, సర్వర్ చేసిన ప్రతి పనినీ రాసుకునే లాగ్‌లనే నా ఫోన్‌లో చూస్తూ ఉండేదాన్ని.

బాస్ దగ్గరికి పోయాను.

"ఆ జవాబు ఈ రోజే తీసేయండి సార్."

"ఎందుకు? ఫైలు మార్చింది వాళ్లు. మన సర్వర్ సరిగ్గానే ఉండాది."

"ఆమె ఫోన్‌లో ఉండె. ఆమె తమ్ముడి ఫోన్‌లో ఉండె. మనం తుడిపించినాము."

"మనకి తెలుసా అది? లక్షమందిలో ఒకరికి జరుగుతాది. దానికోసం అందరూ నీకు ఫోన్ చేస్తే నువ్వే మొదట అరుస్తావు."

ఆయన చెప్పింది తప్పు కాదు. అదే నాకు మండింది. టేబుల్ మీద ఉన్న టీ గ్లాసు తోశాను. పగలలేదు, స్టీలుది. టీ మాత్రం ఆయన చొక్కా మీద పడింది. ఆయన తిట్టలేదు. "ఇంటికి పో, రేపు మాట్లాడదాం" అన్నాడు. మీకు చెడ్డ బాస్ దొరికితే అదృష్టం. మంచివాడై, సరైన లెక్క చెప్పి, మనిషిని వదిలేసే బాస్‌తో ఏం చేయాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

జయంతికి ఫోన్‌లో చెప్పడం చేతకాలేదు. కినత్తుకడవుకు బస్సెక్కి పోయాను. వాకిట్లో కొబ్బరి మట్టలు చీలుస్తోంది. అన్నీ చెప్పాను, మా జవాబు సంగతీ, గుడ్డ సంగతీ. విని, కత్తి కింద పెట్టింది.

"మా మేనేజర్ తాతకి చెప్పినావా?"

"ఇంకా లేదు. చెప్తాను. ఆయన..."

"చెప్పవద్దు."

"ఎందుకు?"

"అమ్మకి డయాలసిస్‌కి తన కారులో తీసుకుపోయింది ఆయనే. మిల్లులో ఎవురూ అట్ల చెయ్యరు. ఆయన చేత్తోనే పోయిందని తెలిస్తే అన్నం తినడు." మళ్లీ కత్తి తీసుకుంది. "పడం తెరవమని కూడా ఆయన్నే అడిగినాము. మాట ఇచ్చేసినాము."

"అయితే ఏ ఫొటో పెడతారు?"

ఇంకో మట్ట లాక్కుని చీల్చింది. ఉన్నది ఒక్కటే కదా.

పడత్తిరప్పు

కర్మాంతరానికి నన్నూ పిలిచింది. పోకుండా ఉండాలనుకున్నాను, పోయాను.

ఇంటి ముందు పందిరి కింద కుర్చీ మీద పటం, దానిమీద తెల్లగుడ్డ. ఆండిపట్టి నుంచి చుట్టాలు వ్యాన్‌లో వచ్చారు. మిల్లు ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. వెంకటసామి తాత ఇస్త్రీ చొక్కా, భుజాన తుండుతో వచ్చి, రంగమ్మ గురించి రెండు మాటలు చెప్పి, తాడు లాగారు. గుడ్డ జారింది.

ఆధార్ ఫొటోని పెద్దది చేశారు. చిన్నగా ఉన్నప్పుడు కనబడని ఉబ్బు కూడా పెద్దదైంది. స్టూడియోవాళ్లు కళ్లు కొంచెం తెరిపించాలని చూశారు. దానివల్ల ముఖం ఇంకెవరిదోలా అయింది.

మిల్లు ఆడవాళ్లలో ఒకామె పక్కామెను గట్టిగానే అడిగింది. "ఎవురే ఇది? రంగమ్మక్క ఇట్ల ఉండదే?"

"శ్, గమ్మనుండు."

"కాదే, అక్క నవ్వకుండా నేను ఒకపొద్దు కూడా చూడలే!"

జయంతి దండ వేసి, వాళ్లవైపు తిరిగి, "జబ్బు పడినప్పటిది అత్తా" అంది. అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది.

నేను పందిరి చివర ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ చూస్తూ కూర్చున్నాను. వెంకటసామి తాత వచ్చి పక్క కుర్చీ లాక్కున్నారు.

"నువ్వే కదా కంపెనీ అమ్మణి?"

"అవును తాతా."

ఆయన గొంతు తగ్గించారు. "ఆ పిల్లతో చెప్పవద్దు. ఈ పడం నాకి నచ్చలేదు. ఎందుకు ఇది పెట్టినారో తెలీదు. మా రంగమ్మ ముఖం ఇది కాదు." మళ్లీ ముఖం వెలిగింది. "పరవాలేదు. మన మిల్లు సైట్లో నవ్వే ముఖం ఉండాది కదా. పడత్తిరప్పు అయిపోయింది. ఇప్పుడు ఆ గుడ్డ తీసెయ్యి కన్ను. నేను ఈడనే చూసేసి, ఈ ఆడోళ్లందరికీ చూపిస్తాను."

తలెత్తి చూశాను. ఇస్తరాకుల వరస అవతల జయంతి సాంబార్ గిన్నెతో నిలబడి మావైపే చూస్తోంది. వద్దని తల ఊపింది.

"తీస్తాను తాతా" అన్నాను. "సర్వర్ కొంచెం మెల్లగా ఉండాది."

"ఉండనీ, ఉండనీ. తొందర లేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. తన ఫోన్‌లో మిల్లు పేజీ తెరిచి, రంగమ్మ పేరు దాకా జరిపి, ఆ తెల్లటి గడిని ముఖానికి దగ్గరగా పట్టుకున్నారు. మిల్లు ఆడవాళ్లను రమ్మని చేత్తో పిలిచారు. వాళ్లు వచ్చి ఆయన కుర్చీ వెనక వంగి నిలబడ్డారు. ఒకసారి పేజీని కిందికి లాగి వదిలారు. మళ్లీ లాగారు. భుజం మీది తుండు కొసతో ఫోన్ తెర తుడిచి, మళ్లీ చూశారు.